ఐదో విభాగం: అభ్యంతరాలు రాలేదు

1991 ఫిబ్రవరి 22, శుక్రవారం

తుది గడువు నోటీసు ఈరోజు పంపేశాను. రెండు వారాలు. మార్చి ఎనిమిది సాయంత్రంలోగా అభ్యంతరం ఉన్నవాళ్లు మెయిలింగ్ లిస్టులో చెప్పాలి. చెప్పనివాళ్లు ఒప్పుకున్నట్టే. మా ప్రమాణాల గ్రూపులో ఇదే పద్ధతి. ఓట్లు లెక్కపెట్టుకునే అలవాటు మాకు లేదు.

మా నిబంధనల ముసాయిదా బాగా సన్నబడింది. ఐదో విభాగం పోవడమే అందుకు కారణం. రాసింది హాలిస్ థేయర్, తీసేసింది నేను. ఎడిటర్ని కాబట్టి తీసేశాను. గ్రూపు మాట అది, నాది కాదు.

నిజానికి నాది కూడా.

భోజనం డబ్బా సూపు.

ఫిబ్రవరి 24, ఆదివారం

కోరిన్ వచ్చి మిగిలిన చలి బట్టలు తీసుకెళ్లింది. జనవరి నుంచి ఆల్బనీలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మా ట్రాయ్ నుంచి అరగంట కూడా పట్టదు. అయినా ఇప్పుడు తనొస్తే బెల్లు కొడుతోంది.

"మా చెల్లి అడిగింది, మీ ఆయన ఏం చేస్తాడే అని. పద్నాలుగేళ్లు కాపురం చేసి చెప్పలేకపోయాను. రెండు ముక్కల్లో చెప్పు, మళ్లీ అడిగితే చెప్పుకోవాలి" అంది.

చెప్పాను. సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా తెగి, ఊరూరా ఉన్న రూటర్ పెట్టెల మీదుగా, ఒక్కో పొట్లం తనకి దొరికిన దారిన పోతుంది. ఆ పెట్టెలు తలా ఒక కంపెనీవి. వాటన్నిటినీ ఒకే భాషలో 'ఎలా ఉన్నావు' అని అడగాలి, అవి ఒకే భాషలో జవాబు చెప్పాలి. ఆ భాషకి నిబంధనలు రాయడం మా పని.

"అంటే రోజంతా పెట్టెల్ని పలకరిస్తుంటావు."

"అంతే అనుకో."

"చెప్తాలే దానికి" అని కోటు బొత్తాలు పెట్టుకుంది.

అట్టపెట్టె కారు దాకా మోసిపెట్టాను. బాగున్నావా అంది, బాగానే ఉన్నా అన్నాను. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే చెంప ఎలా ఉంటుందో, కారు మలుపు తిరిగేదాకా ఒళ్లంతా అలా ఉంది. నొప్పి లేదు. మాసాచుసెట్స్ వెళ్లకుండా ట్రాయ్‌కి మకాం మారుద్దామన్నప్పుడు తను కాదనలేదు. పిల్లలు ఇప్పుడే వద్దన్నప్పుడూ కాదనలేదు. ఒక్కసారి కూడా కాదనలేదు.

ఫిబ్రవరి 26, మంగళవారం

లిస్టులో మూడు ఉత్తరాలు. పన్నెండో పేజీలో కామా తప్పుగా ఉందని ఒకాయన రాశాడు. నిజంగానే తప్పు. దిద్దాను. హాలిస్ దగ్గర్నుంచి ఏమీ లేదు.

డిసెంబరులో బౌల్డర్ సమావేశం తర్వాత మేం మాట్లాడుకోలేదు. ఆ రోజు సంగతి అప్పుడు రాయలేదు, రాయాల్సిందేం లేదనుకున్నాను. ఐదో విభాగం మొత్తం ఒకే ఒక్క మాట మీద నిలబడింది. పెట్టె ఆపదలో పడితే, ఎవరూ అడక్కముందే తనంతట తానే కబురు పెట్టాలి. అందిందని జవాబొచ్చేదాకా మళ్లీ మళ్లీ పెట్టాలి.

"వంద పెట్టెలు ఒక్కసారే గోల పెడితే ఉన్న లైను కూడా పూడుకుపోతుంది. మనమే అడుగుతూ ఉంటాం కదా, చాలదా?" అన్నాను.

హాలిస్ లేచి నిలబడ్డాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెట్టరు. "మునిగిపోయేవాడు నువ్వొచ్చి పలకరించేదాకా నోరు మూసుక్కూర్చోవాలేంట్రా?"

గదంతా గొల్లుమంది.

"పలకరిస్తే పలకలేదంటే మునిగాడని తెలిసిపోతుందిగా."

"పలికితే?"

"పలికితే బాగున్నట్టు."

"ఓరి పిచ్చి సన్నాసీ! పలికినంత మాత్రాన బాగున్నట్టా?"

ఇంకా నవ్వారు. ఈసారి నన్ను చూసి నవ్వారు. సాయంత్రం లిఫ్టు దగ్గర, "నీకీ పని నేర్పింది నేనే, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి" అన్నాడు. "గ్రూపు ఏమంటే అది" అని లిఫ్టు ఎక్కాను. ఆయన ఎక్కలేదు.

కోపమేం లేదు నాకు.

ఫిబ్రవరి 28

గ్రూపు అధ్యక్షురాలు ప్రిసిల్లా ఓక్స్ ఫోన్ చేసింది. వచ్చే నెల పదకొండు నుంచి సెయింట్ లూయిస్‌లో సమావేశాలు, ముసాయిదా మీద నా ప్రసంగం పన్నెండున. టికెట్టు తీసుకున్నావా అని అడిగింది. ఆ తర్వాత, "హాలిస్ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోవడమేంటి? కామా మారిస్తే మూడు పేజీలు రాసే మనిషి!"

"అలిగాడు."

"ఓసారి ఫోన్ చేసి కనుక్కోరాదూ?"

"అందరికీ వెళ్లిన నోటీసు ఆయనకీ వెళ్లింది. ఒక్కడికి ఫోన్ చేసి బతిమాలితే రేపు మిగతావాళ్లేమంటారు?"

"నువ్వూ నీ పద్ధతులూ" అని నవ్వి పెట్టేసింది.

మార్చి 1

లిస్టు నిశ్శబ్దంగా ఉంది. ఇది మంచి లక్షణం.

మార్చి 3, ఆదివారం

ఇంట్లో చేసేదేముందని ఆఫీసుకి వెళ్లాను. పరీక్షల కోసం గ్రూపులో కొందరి మిషన్లని మా స్టేషన్‌కి, అంటే అన్నిటినీ కనిపెట్టి చూసే కంప్యూటరుకి, కలిపి పెట్టుకున్నాం. నిమిషానికోసారి మా స్టేషన్ వాటిని పలకరిస్తుంది, జవాబిచ్చినవి తెర మీద పచ్చగా ఉంటాయి. హాలిస్ వెర్మాంట్‌లో, న్యూఫేన్‌లో ఇంటి నుంచే పనిచేస్తాడు. వంటింటి పక్క గదిలో ఆయన మిషను, దానికి కంపెనీ వేయించిన అద్దె లైను.

న్యూఫేన్ పచ్చగా ఉంది. మిషను ఆన్ అయి ఎంతసేపైందో కూడా చెప్పింది, నాలుగు వారాలు దాటింది. పొట్లాలు వస్తున్నాయి, పోతున్నాయి, తప్పులు సున్నా.

అంటే మనిషి ఉన్నాడు. కావాలనే మాట్లాడటం లేదు. సరే, ఆయనిష్టం.

మార్చి 4, సోమవారం

కోరిన్ ఫోన్ చేసింది. ఆదాయపు పన్ను కాగితాల్లో ఎక్కడ సంతకం పెట్టాలో అడగడానికి. అది అయ్యాక, "హాలిస్ ఎలా ఉన్నాడు?" అంది. హాలిస్ అంటే తనకి ఇష్టం. మా ఇంటికొస్తే నాతో పని మాట్లాడి, తనతో కబుర్లు చెప్పేవాడు.

"బాగానే ఉన్నాడు."

"మాట్లాడావా?"

"లేదు. మిషన్ పనిచేస్తోంది. పొద్దున చూశాను."

"లోవెల్, నేనడిగింది మనిషి సంగతి."

"రోజంతా దాని ముందే కూర్చుంటాడు. అది నడుస్తోందంటే ఆయనున్నట్టే."

"పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో నేనూ నడుస్తూనే ఉన్నాను" అంది. పన్ను కాగితాలు బుధవారం పోస్టులో వేస్తానని చెప్పాను. పెట్టేసింది.

ఏమన్నదో అర్థం కాలేదు. అర్థమైందేమో. ప్రసంగం కాగితాలు తయారుచేస్తూ కూర్చున్నాను.

మార్చి 5

న్యూఫేన్ పచ్చ.

మార్చి 6

పచ్చ. పన్ను కాగితాలు పంపాను.

మార్చి 8, శుక్రవారం

సాయంత్రం అయిదైంది. అభ్యంతరాలు రాలేదు. ముసాయిదా మీద అందరికీ సమ్మతమేనని లిస్టుకి రాశాను. మూడేళ్ల పని ముగిసింది. ప్రిసిల్లా జవాబుగా ఒక్క ముక్క రాసింది: "హమ్మయ్య."

సంతోషించాలని కాసేపు కూర్చున్నాను.

మార్చి 9, శనివారం

పొద్దున ఫోన్ మోగితే కోరిన్ అనుకున్నాను. ముసలావిడ గొంతు. విన్నీ థేయర్, హాలిస్ అక్క. నేనెప్పుడూ చూడలేదు.

"ఇక్కడ ఫోను పక్కన గోడ మీద నీ పేరుంది నాయనా. నువ్వు స్నేహితుడివా, ఆఫీసువాడివా?"

"రెండూనండీ."

"వాడికి పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. బ్రాటిల్‌బరో ఆసుపత్రిలో ఉన్నాడు. తెలివి బాగానే ఉంది, అన్నీ వింటున్నాడు. మాటే లేదు."

"ఎప్పుడండీ?"

"ఆదివారం పొద్దున పడ్డాడన్నారు. వంటింట్లో. మంగళవారం దాకా ఎవరికీ తెలీలేదు."

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. ఆసుపత్రికి దారి అడిగి రాసుకున్నాను. రాసుకున్నది ఇప్పుడు చూస్తే రెండుసార్లు రాసి ఉంది.

ఆదివారం, సోమవారం, మంగళవారం.

పైన రాసినవి మళ్లీ చదవను.

మార్చి 10, ఆదివారం

తొమ్మిదో నంబరు రోడ్డు మీద వెళ్లాను. కొండల మీద ఇంకా మంచు, కింద మాత్రం బురద. పక్క మట్టిదారుల్లో చక్రాలు సగం దాకా కూరుకుపోతున్నాయి. మేపుల్ చెట్లకి రసం పట్టే బకెట్లు కట్టి ఉన్నాయి.

ఆసుపత్రి వరండాలో విన్నీగారు, పక్కన మెర్రిల్ అనే ఆయన. పక్క పొలం ఆయనది, ఆవులున్నాయట. హాలిస్‌ని చూసింది మొదట ఆయనే. ఆవిడ నా చేతిలో డోనట్ పెట్టింది.

"తిను నాయనా. నీ మొహం చూస్తే నిన్ను కూడా ఇక్కడే మంచమెక్కించేట్టున్నారు."

తిన్నాను. ఎలా తెలిసిందని మెర్రిల్‌ని అడిగాను.

"మంగళవారం మాకు టౌన్ మీటింగు కదా బాబూ. ఊరంతా కూర్చుని ఊరి ఖర్చులు తేల్చుకుంటాం. రోడ్ల బడ్జెట్ వచ్చిందంటే చాలు, హాలిస్ లేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. ఆయన లేచాడంటే మేం కాఫీ నింపుకోడానికి వెళ్లి, తాగేసి, మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. అలా తినేస్తాడు మమ్మల్ని."

"మా దగ్గరా అంతేనండీ."

"ఆ రోజు సభ నడిపే మోడరేటరు 'అభ్యంతరాలేమైనా ఉన్నాయా' అన్నాడు. ఎవరూ లేవలా. గదిలో ఉన్నవాళ్లందరం వెనక్కి తిరిగి ఆయన కూర్చునే చోటుకేసి చూశాం. రోడ్ల బడ్జెట్ ఎవరూ నోరెత్తకుండా గట్టెక్కిందంటే నాకెందుకో కాలు నిలవలేదు. మా ఆవిడ పళ్లెంలో ఆపిల్ పై ముక్క పెట్టిస్తోంది, వద్దని చెప్పి ట్రక్కేసుకుని పోయాను. తలుపు తీసే ఉంది. మిషను మాత్రం బుర్రుమంటూ నడుస్తోంది పక్క గదిలో. 'హాలిస్, ఏంటయ్యా పనిలో పడి రాలేదా' అంటూ లోపలికెళ్లా."

అక్కడ ఆపేసి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. విన్నీగారు ఆయన భుజం తట్టింది.

ఆ గదిలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే మనిషికేమైందో చూడ్డానికి వెళ్లారు. నా దగ్గర ఎవరూ చెప్పకపోతే సమ్మతమని రాశాను. ఆదివారం నేను ఆఫీసులో కూర్చుని తప్పులు సున్నా అని చూసుకుంటున్నప్పుడు ఆయన ఆ మిషనుకి గోడ అవతల నేల మీద ఉన్నాడు. నన్ను చంపినా పాపం లేదు అనిపించాలి. అనిపించడం లేదు. రాస్తున్నాను, అంతే.

హాలిస్ కళ్లు తెరిచే ఉన్నాడు. మొహం ఒక పక్కకి జారింది. గడ్డం ఎవరో నున్నగా గీశారు. ఇన్నేళ్లలో ఆయన గడ్డం గీసుకోగా నేను చూడలేదు.

"ఎడం చెయ్యి పనిచేస్తోంది. నొక్కమను. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. ఇది మేమిద్దరం మాట్లాడుకుని పెట్టుకున్నది. మాట్లాడుకుని అంటే నేను మాట్లాడాననుకో" అంది విన్నీగారు.

చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"హాలిస్, నేను లోవెల్‌ని. గుర్తుపట్టావా?"

ఒకసారి. గట్టిగా, విసుగ్గా.

"నొప్పిగా ఉందా?"

రెండు.

"నోటీసు చూశావా? ఐదో విభాగం సంగతి?"

ఒకటి.

"కాదని రాద్దామనుకున్నావా?"

ఒకటి. ఈసారి గోరు గుచ్చుకుంది.

"గడువు అయిపోయింది. సమ్మతమని శుక్రవారం రాసేశాను."

చెయ్యి కదల్లేదు. నేను అడిగింది ప్రశ్న కాదు గదా, కదలక్కర్లేదు.

"మళ్లీ తెరవమంటావా?"

ఒకటి.

విన్నీగారు మంచం అవతలి నుంచి, "ఏంటర్రా అది, ఆస్తి పంపకాలా?" అంది. కాదండీ, పెట్టెల సంగతి అన్నాను. "ఈ స్థితిలో కూడా పెట్టెలేనా మీకు" అని దుప్పటి సర్దింది.

అడగాల్సింది ఇంకోటి ఉంది. అది అడగలేదు. చెప్పలేదు కూడా.

మార్చి 11, సోమవారం

సెయింట్ లూయిస్ వెళ్లలేదు. ప్రిసిల్లా హోటలుకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావయ్యా? రేపు పొద్దున నీ ప్రసంగం."

"ఇంట్లో. నాకొక అభ్యంతరం ఉంది."

"దేని మీద?"

"ఐదో విభాగం తీసెయ్యడం మీద."

"తీసింది నువ్వే కదా!"

"అవును."

"గడువు శుక్రవారంతో అయిపోయింది."

"తెలుసు. గడువు పెట్టిందీ నేనే."

హాలిస్ సంగతి చెప్పాను. అయ్యో అంది. ఏడుస్తోందనుకుంటాను. మళ్లీ గొంతు సవరించుకుంది.

"ఆయన పేరు మీద పెట్టనా? ఎవరూ కాదనరు."

"ఆయన పేరు వద్దు. జాలిపడి ఒప్పుకుంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. నా పేరు మీద పెట్టు."

"అయితే కారణం కూడా రాసివ్వు. ఉత్తినే కాదంటే వినరు, నీకు తెలుసుగా."

రాసిచ్చాను. మనం ఏమేం అడగాలో ముందే అనుకుని అవే అడుగుతున్నాం. అనుకోని ఆపద మన ప్రశ్నల్లో ఉండదు కాబట్టి జవాబుల్లోనూ ఉండదు. తెర పచ్చగానే ఉంటుంది. పచ్చగా ఉందని మనం ఇంకేమీ అడగం. ఈ పొరపాటు నేను ఈ మధ్యనే చేశాను. వివరాలు అడిగితే చెప్తాను.

ఎవరూ అడగలేదు.

మార్చి 13

ఓడిపోయాం. ఇద్దరు మా పక్క మాట్లాడారట. మిగతావాళ్లు, లైను పూడుకుపోతుందన్న పాత మాటే, డిసెంబరులో నేనన్న మాటే, నా వాక్యాలతో సహా చదివి వినిపించారట. తర్వాతి ముసాయిదాలో చూద్దామన్నారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ప్రిసిల్లా చాలాసేపు పోరాడిందని తర్వాత ఇంకొకతను చెప్పాడు. తను చెప్పలేదు.

మార్చి 14

స్టేషన్ తెర మీద న్యూఫేన్ ఎర్రగా ఉంది. విన్నీగారు కరెంటు దండగని తీగ పీకేసి ఉంటారు. కాఫీ చల్లారేదాకా దాని ముందు కూర్చున్నాను.

మార్చి 15

కోరిన్‌కి ఫోన్ చేశాను. తనుగా చేస్తేనే మాట్లాడటం అలవాటు కాబట్టి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. హాలిస్ సంగతి చెప్పాను. ఆదివారం, సోమవారం కూడా చెప్పాను. తను తిడుతుందనుకున్నాను.

"ఆయనకి చెప్పావా?" అని మాత్రం అడిగింది.

"లేదు."

"చెప్పు."

"విని ఏం చేస్తాడు? లేచి కొట్టలేడు, తిట్టలేడు."

"అందుకే చెప్పకుండా ఉండటం తేలిక కదూ" అంది.

మార్చి 17, ఆదివారం

మళ్లీ వెళ్లాను. కుర్చీలో కూర్చోబెట్టారు హాలిస్‌ని, కిటికీ వైపు. ఓడిపోయామని చెప్పాను. నా వాక్యాలతోనే నన్ను ఓడించారని చెప్పగానే మొహంలో ఎడమ సగం ముడతలు పడింది, గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. భయపడి విన్నీగారి కేసి చూశాను.

"నవ్వుతున్నాడు. వారంలో ఇదే మొదటిసారి. ఏం చెప్పావేంటి?" అని ఆవిడ సంబరపడిపోయి, నాకు కాఫీ తెస్తానని కిందికి వెళ్లింది.

ఇద్దరమే మిగిలాం. ఎడం చెయ్యి పట్టుకున్నాను, ఏమీ అడగలేదు. చెప్పాను. నువ్వు పడ్డ రోజు నేను ఆఫీసులో నీ మిషన్ని చూస్తూ కూర్చున్నాను. సోమవారం చూశాను, మంగళవారం చూశాను. అది జవాబిచ్చింది కాబట్టి నువ్వు బాగున్నావనుకున్నాను. కాదు, అలా అనుకుంటే నాకు తేలిక. అలిగావులే, అలగనీ అనుకున్నాను. ఫోన్ చెయ్యమని ఒకరు చెప్పారు, మాట్లాడావా అని ఇంకొకరు అడిగారు. చెయ్యలేదు. ఒక్కసారి చేసి ఉంటే, నువ్వు ఎత్తకపోతే, ఆ రోజే ఎవరినైనా పంపేవాడిని. రెండు రోజులు నేల మీద ఉండేవాడివి కాదు. ఆ కుడి చెయ్యి కూడా పనిచేసేదేమో.

అంతా ఒక్క గొంతుతో, నివేదిక చదివినట్టు చెప్పాను. జనవరి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది, ముక్కు కారుతూ, సిగ్గులేకుండా. ఆయన నాకేసే చూస్తున్నాడు. చెయ్యి లాక్కుంటాడేమోనని నా వేళ్లు వదులు చేశాను.

నొక్కాడు. వదులుతాడని చూశాను, ఒకటో రెండో లెక్కపెట్టుకుందామని. వదల్లేదు. ఒకసారైతే అవును, రెండుసార్లయితే కాదు. నొక్కి వదలకపోతే ఏమని అర్థమో ఎవరమూ ముందు అనుకోలేదు.

విన్నీగారు కాఫీ తెచ్చి, మా ఇద్దరినీ చూసి, కప్పు కిటికీ దగ్గర పెట్టింది. ఒంటిచేత్తోనే తాగాను.